చుట్టపు చూపుగా వచ్చిన గొట్టం

మూత్రపిండంలో రాయి తీయించుకుని ఇంటికి వచ్చినవారి ఆసుపత్రి చీటీ మీద తరచుగా ‘డి.జె. స్టెంటు వేశాము’ అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. డి.జె. అనగానే మీకు పెళ్ళి ఊరేగింపులో గుండెలదిరేలా మోగే పాటల పెట్టెలు గుర్తుకు రావచ్చు. ఈ డి.జె.కి ఆ డి.జె.తో ఏ సంబంధమూ లేదు. ఇది చప్పుడు చేయదు, పైకి కనిపించదు. జానెడు కంటే కాస్త పొడవుగా, బాల్‌పెన్ను రీఫిలు కంటే సన్నంగా ఉండే మెత్తని ప్లాస్టిక్ గొట్టం. మూత్రపిండానికీ మూత్రాశయానికీ మధ్య కూర్చుని కొన్నాళ్ళపాటు దారి కాపలా కాస్తుంది. పని అయిపోగానే వెళ్ళిపోవాలి. అలా వెళ్ళకపోతే ఏమవుతుందో కూడా ఈ వ్యాసంలో చూద్దాం. ఎందుకంటే ఈ గొట్టం చేసే మేలు ఎంత పెద్దదో, దాన్ని మరచిపోతే జరిగే కీడు కూడా అంత పెద్దది.

వంగిన దారి, కదిలే గోడ

ముందుగా అది కూర్చునే చోటును పరిచయం చేసుకుందాం. మన రెండు మూత్రపిండాలూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడపోస్తాయి. నీళ్ళు నిలవచేసే పెద్ద డ్రమ్ము చూశారు కదా, దాదాపు అంత! ఇందులో అత్యధిక భాగం తిరిగి రక్తంలోకే చేరుతుంది. మిగిలిన లీటరు, లీటరున్నర మూత్రమే బయటకు పోతుంది. ఈ మూత్రం మొదట మూత్రపిండంలోనే గరాటు ఆకారంలో ఉండే ద్రోణిలో చేరుతుంది. అక్కడి నుంచి మూత్రనాళం ద్వారా మూత్రాశయానికి దిగుతుంది. పెద్దవారిలో మూత్రనాళం పొడవు 25 నుంచి 30 సెంటీమీటర్లు. లోపలి దారి 3, 4 మిల్లీమీటర్లే.

‘పైన మూత్రపిండం, కింద మూత్రాశయం. మధ్యలో గొట్టం. మూత్రం దానంతటదే కిందకు కారుతుంది’ అని మీరు అనుకుంటే పొరపాటు. అదే నిజమైతే మనం పడుకున్నప్పుడు మూత్రం ఆగిపోవాలి. శీర్షాసనం వేస్తే వెనక్కు పోవాలి. అలా జరగదు. మూత్రనాళం గోడలో కండరం ఉంది. నిమిషానికి ఒకటి నుంచి ఐదుసార్ల వరకు పైనుంచి కిందకు ఒక అల వస్తుంది. ఆ అల తన ముందున్న కొద్దిపాటి మూత్రాన్ని నెట్టుకుంటూ పోయి మూత్రాశయంలో వదులుతుంది. అన్నవాహికలో అన్నం ముద్ద దిగేదీ ఇలాగే. దీన్నే పెరిస్టాలిసిస్ అంటారని మీ పాఠంలో చదివే ఉంటారు.

మరొక విశేషం ఉంది. మూత్రనాళం మూత్రాశయంలోకి నేరుగా తెరుచుకోదు. దాని గోడలోంచి ఏటవాలుగా కొంతదూరం ప్రయాణించి లోపలికి వస్తుంది. మూత్రాశయం నిండి గోడ బిగుసుకున్నప్పుడు ఆ ఏటవాలు భాగం నొక్కుకుపోయి మూసుకుంటుంది. సైకిలు ట్యూబు వాల్వులో గాలి లోపలికే పోతుంది గాని బయటకు రాదు కదూ! ఇక్కడా అంతే. మూత్రం దిగుతుంది గాని వెనక్కు ఎక్కదు. ఈ ఏర్పాటును గుర్తుపెట్టుకోండి. దీనితో తరువాత పని ఉంది.

మూత్రనాళంలో మూడు ఇరుకులు ఉన్నాయి. ద్రోణి నుంచి బయలుదేరే చోటు ఒకటి, కాలికి వెళ్ళే పెద్ద రక్తనాళాలను దాటే చోటు రెండోది, మూత్రాశయంలో చొరబడే చోటు మూడోది. పైనుంచి జారిన రాయి సాధారణంగా ఈ మూడింటిలో ఏదో ఒకచోట చిక్కుకుంటుంది. రోహిణి కార్తె ఎండల్లో పొలం పని చేసి, చెమట రూపంలో నీరంతా పోగొట్టుకుని, తాగవలసినంత తాగనివారిలో మూత్రం చిక్కబడుతుంది. చిక్కటి పంచదార పాకంలో కలకండ పలుకులు కట్టినట్లు, చిక్కటి మూత్రంలో లవణాల స్ఫటికాలు కడతాయి. ఎక్కువమందిలో కనబడేది కాల్షియం ఆక్సలేటు రాయి. 4 మిల్లీమీటర్ల లోపువి చాలావరకు వాటంతటవే పడిపోతాయి. పెద్దవి దారికి అడ్డం పడతాయి. అప్పుడు నాళం ఆ అడ్డును నెట్టాలని విపరీతంగా బిగుసుకుంటుంది. పైన మూత్రం నిలిచి మూత్రపిండం ఉబ్బుతుంది. నడుము పక్క నుంచి గజ్జల దాకా మెలిపెట్టే ఆ నొప్పి వస్తే మనిషి నిలవలేడు, కూర్చోలేడు.

నొప్పి కంటే భయపడవలసినది మరొకటి ఉంది. అడ్డుపడిన మూత్రంలో సూక్ష్మజీవులు చేరితే అవి బయటకు కొట్టుకుపోయే దారి లేదు. లోపల ఒత్తిడి పెరిగి అవి రక్తంలోకి ప్రవేశిస్తాయి. ఇది గంటల్లో ప్రాణం మీదకు తెచ్చే పరిస్థితి. ఇటువంటప్పుడు వైద్యులు రాయిని తీసే ప్రయత్నం వాయిదా వేసి, ముందు మూత్రానికి దారి ఇస్తారు. ఆ దారి ఇచ్చే సాధనాల్లో ఒకటి మన గొట్టం.

రాయి లేనివారికీ ఇది అవసరపడుతుంది. కొందరు పిల్లలు మూత్రనాళం పైకొన ఇరుకుగా ఉండి పుడతారు. ఆ ఇరుకును కోసి కుట్టాక కుట్టు మానేదాకా లోపల గొట్టం ఉంచుతారు. మూత్రపిండాన్ని మార్పిడి చేసినప్పుడు కొత్త నాళాన్ని మూత్రాశయానికి అతికిన చోటా ఉంచుతారు. కడుపులో గడ్డ ఏదైనా నాళాన్ని బయటి నుంచి నొక్కుతున్నా ఇదే ఉపాయం. అయితే ఎక్కువమందికి దీనితో పరిచయం కలిగేది రాయి వల్లనే. సన్నని దుర్భిణి వంటి సాధనాన్ని మూత్రనాళంలోకి పంపి, రాయిని లేజరుతో పొడి చేశాక, నాళం లోపలి గోడ వాచి ఉంటుంది. ఆ వాపు దారిని మూసేయకుండా కొన్ని రోజులో, వారాలో గొట్టాన్ని ఉంచుతారు.

పళ్ళ డాక్టరు పేరు

స్టెంటు అన్న పేరు వెనుక ఒక విడ్డూరం ఉంది. చార్లెస్ స్టెంట్ అనే ఆయన 19వ శతాబ్దపు లండన్‌లో దంతవైద్యుడు. కట్టుడు పళ్ళకు అచ్చు తీయడానికి ఆయన 1856లో ఒక మైనపు ముద్దలాంటి పదార్థాన్ని తయారుచేశాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఎస్సర్ అనే డచ్చి శస్త్రవైద్యుడు గాయాల మీద అతికిన చర్మం కదలకుండా పట్టి ఉంచడానికి ఆ ముద్దను వాడాడు. క్రమంగా శరీరంలో ఏ భాగాన్నైనా లోపలి నుంచి ఆనించి నిలబెట్టే వస్తువుకు ఆ పేరు స్థిరపడింది. పాపం, మూత్రనాళం గురించి గాని, గుండె గురించి గాని స్టెంట్ గారు ఎన్నడూ ఆలోచించి ఉండరు!

మూత్రాశయంలోకి తొంగిచూసే సాధనాన్ని మాక్స్ నిట్జె అనే జర్మన్ వైద్యుడు 1879లో వియన్నాలో ప్రదర్శించాడు. అందులో వెలుగు కోసం ప్లాటినం తీగను ఎర్రగా కాల్చి, చుట్టూ చల్లటి నీరు పారించేవారు. తరువాత దానిలో చిన్న విద్యుద్దీపం అమర్చారు. చూడగలిగాక గొట్టం పంపడం కూడా సాధ్యమైంది. అయితే ఎక్కువకాలం లోపల ఉంచగల గొట్టం కోసం 1967 దాకా ఆగవలసి వచ్చింది. ఆ సంవత్సరం జిమ్స్‌కిండ్, ఆయన సహచరులు సిలికోన్ రబ్బరు గొట్టాలను వాడిన తీరును ప్రకటించారు. వాటితో ఒక చిక్కు ఉంది. తిన్నని గొట్టాలు కావడం వల్ల అవి కిందకు జారేవి, లేదా పైకి పోయేవి. గొట్టానికి ముళ్ళవంటివి పెట్టి కొందరు ప్రయత్నించారు. చివరకు 1978లో రాయ్ ఫిన్నీ అనే అమెరికన్ వైద్యుడు రెండు కొసలనూ వంచేశాడు. గొడుగు పిడిని చూడండి, ఇంగ్లీషు ‘జె’ అక్షరంలా ఉంటుంది. పైకొసన ఒక జె, కిందికొసన ఒక జె. అందుకే డబుల్ జె, అంటే డి.జె. పై వంపు ద్రోణిలో తగులుకుని కిందకు జారనీయదు. కింది వంపు మూత్రాశయంలో తగులుకుని పైకి పోనీయదు. ఇంత చిన్న ఆలోచన రావడానికి పదేళ్ళ పైనే పట్టింది చూశారా?

వంపులున్న గొట్టాన్ని అంత ఇరుకు నాళంలోకి ఎలా పంపుతారు? ముందుగా మూత్రం బయటకు వచ్చే ప్రసేకం గుండా దుర్భిణి సాధనాన్ని మూత్రాశయంలోకి పంపి, మూత్రనాళపు రంధ్రాన్ని వెతుకుతారు. అందులోంచి ఒక సన్నని మెత్తటి తీగను మూత్రపిండం దాకా నడిపిస్తారు. ఆ తీగ మీద, దారం మీద పూసను ఎక్కించినట్లు, గొట్టాన్ని ఎక్కించి పైకి నెడతారు. తీగ లోపల ఉన్నంతసేపూ గొట్టం నిటారుగా ఉంటుంది. తీగ లాగెయ్యగానే రెండు కొసలూ తమ పాత వంపును గుర్తుచేసుకుని ముడుచుకుంటాయి. అంతా సరిగా ఉందో లేదో ఎక్స్-రేలో చూస్తారు. ప్లాస్టిక్ ఎక్స్-రేలో కనబడదు కదా అని మీకు సందేహం రావచ్చు. అందుకే దాని తయారీలోనే బేరియం సల్ఫేటు వంటి పదార్థాన్ని కలుపుతారు.

దీని లావును కొలిచే పద్ధతి కూడా వింతే. పారిస్‌లో వైద్య పరికరాలు తయారుచేసిన షారియర్ పేరు మీదుగా వచ్చిన ‘ఫ్రెంచి’ కొలత అది. ఒక ఫ్రెంచి అంటే మిల్లీమీటరులో మూడోవంతు. 6 ఫ్రెంచి గొట్టం వ్యాసం 2 మిల్లీమీటర్లు. మరి 7 ఫ్రెంచి గొట్టం ఎంత? మీరే లెక్క కట్టండి. పెద్దవారికి సాధారణంగా 24 లేదా 26 సెంటీమీటర్ల పొడవుది సరిపోతుంది. పిల్లలకు వయసుకు 10 కలిపితే సుమారుగా కావలసిన సెంటీమీటర్లు వస్తాయని వైద్యులు ఒక తేలికైన సూత్రం వాడతారు. ఐదేళ్ళ పాపకు 15 అన్నమాట.

లోపల ఉన్నప్పుడు

గొట్టం వేశాక నాళంలో ఒక మార్పు వస్తుంది. దాని అలలు బలహీనపడతాయి, దాదాపు ఆగిపోతాయి. నాళం సడలి వెడల్పవుతుంది. మూత్రం గొట్టం లోపలి నుంచీ, దాని పక్కనున్న రంధ్రాల గుండా, గొట్టం చుట్టూ ఉన్న ఖాళీలోంచీ దిగుతుంది. ఈ వెడల్పు వల్ల ఒక లాభం ఉంది. గొట్టం తీసేశాక మిగిలిన రాతి నలుసులు తేలికగా జారిపోతాయి.

కాని చుట్టం ఎంత మంచివాడైనా ఇల్లు కాస్త ఇరుకవుతుంది. స్టెంటు వేసుకున్నవారిలో నూటికి 80 మంది దాకా ఏదో ఒక ఇబ్బంది చెబుతారు. కారణాలు తెలిస్తే భయం తగ్గుతుంది. కింది వంపు మూత్రాశయం అడుగున, నాడులు ఎక్కువగా ఉన్న చోట రాసుకుంటూ ఉంటుంది. మెదడుకు అది ‘మూత్రాశయం నిండింది’ అన్న కబురుగా అందుతుంది. వెళ్ళి వచ్చిన పది నిమిషాలకే మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది. ఆపుకోలేని తొందర కలుగుతుంది. రాత్రుళ్ళు నిద్ర పాడవుతుంది. మీ తరగతిలో ఎవరికైనా స్టెంటు ఉంటే వారు మాటిమాటికీ బయటకు వెళ్తామని అడుగుతారు. నవ్వవలసిన సంగతి కాదది.

ఇంకొక నొప్పి ఉంది. మూత్రం పోసేటప్పుడు, ముఖ్యంగా చివరిలో, నడుము పక్కన పొడిచినట్లవుతుంది. కింద జరిగే పనికి పైన నొప్పి ఏమిటి? సైకిలు వాల్వును గుర్తుకు తెచ్చుకోండి. ఆ ఏటవాలు దారిలో ఇప్పుడు గొట్టం ఉంది కనుక అది మూసుకోదు. మూత్రాశయం గట్టిగా ముడుచుకున్నప్పుడు కొంత మూత్రం గొట్టం గుండా వెనక్కు ఎక్కి మూత్రపిండాన్ని తాకుతుంది. నొప్పి అందుకే. నింపాదిగా, ముక్కకుండా పోయడం వల్లా, ఎక్కువసేపు బిగబట్టకుండా వెళ్ళడం వల్లా ఇది కొంత తగ్గుతుంది.

మూత్రం లేత గులాబి రంగులో రావడం కూడా మామూలే. గొట్టం రాపిడికి లోపలి పొర కాస్త గీసుకుంటుంది. కొద్ది చుక్కల రక్తమే చాలా నీటికి రంగు పులుముతుంది. బకెట్టు నీళ్ళలో ఒక ఎర్ర సిరా చుక్క వేసి చూడండి! ఎక్కువ నడిచినరోజు, బరువులెత్తినరోజు, ఎగుడుదిగుడు రోడ్డు మీద బస్సులో వెళ్ళినరోజు రంగు ముదురుతుంది. విశ్రాంతి తీసుకుని నీళ్ళు తాగితే పలచబడుతుంది. బడికి వెళ్ళవచ్చు, ఇంటిపనులు చేసుకోవచ్చు. గెంతులాటలు, నీళ్ళ బిందెలు మోయడం వంటివి కొన్నాళ్ళు మానుకుంటే హాయిగా ఉంటుంది.

మూత్రం లేత పసుపు రంగులో ఉండేటన్ని నీళ్ళు తాగాలి. అయితే గుండెజబ్బుకో, మూత్రపిండాల వైఫల్యానికో వైద్యులు నీటికి పరిమితి పెట్టినవారు ఆ పరిమితినే పాటించాలి. టీ, కాఫీలు కొందరిలో తొందరను పెంచుతాయి. మలబద్ధకం ఉంటే మూత్రాశయం మీద ఒత్తిడి పడి బాధ ఎక్కువవుతుంది. ఇబ్బంది భరించలేనిదైతే టామ్సులోసిన్ వంటి మందులను వైద్యులు ఇస్తారు. అంతేగాని మందుల షాపులో ‘నొప్పి బిళ్ళ’ అని అడిగి తెచ్చి మింగడం మంచిది కాదు. కొన్ని నొప్పి బిళ్ళలు దెబ్బతిన్న మూత్రపిండాన్ని మరింత దెబ్బతీస్తాయి.

ఏది మామూలు, ఏది కాదు?

ఇక్కడే జాగ్రత్త కావాలి. ఇబ్బందులన్నీ మామూలే అనుకున్నవారు ప్రమాదాన్ని కూడా మామూలే అనుకుంటారు.

అన్నిటికంటే ముందు చూడవలసినది జ్వరం. స్టెంటు ఉన్న మనిషికి 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, దాటి జ్వరం వచ్చి వణుకుతూ ఉంటే దాన్ని ‘ఎండదెబ్బ’ అనో, ‘గాలి సోకింది’ అనో సరిపెట్టకూడదు. దుప్పటి కప్పి తెల్లవారేదాకా ఆగకూడదు. గొట్టం మూసుకుపోయి, మూత్రంలో సూక్ష్మజీవులు పెరిగి, రక్తంలో చేరుతున్న సూచన అది కావచ్చు. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. వెళ్ళగానే ‘లోపల స్టెంటు ఉంది’ అని చెప్పాలి. ఆ ఒక్క మాట వైద్యుడికి చాలా సమయం ఆదా చేస్తుంది. ముసలివారిలో ఒక్కోసారి జ్వరం ఎక్కువ కనబడదు. దానికి బదులు మగతగా ఉండటం, మాట తడబడటం, ఊపిరి వేగంగా తీయడం కనిపిస్తాయి.

రక్తం విషయంలో రంగునూ, చిక్కదనాన్నీ చూడాలి. రోజ్‌మిల్కు రంగు వేరు, టమాటా రసం రంగు వేరు. చిక్కటి ఎరుపు, అందులో గడ్డలు, నీళ్ళు తాగినా పలచబడకపోవడం, మూత్రం బిగుసుకుపోయి రాకపోవడం: వీటిలో ఏది కనబడినా ఆలస్యం పనికిరాదు. రక్తం పలచబరిచే మందులు వాడుతున్నవారు వాటిని తమంతట తాము ఆపకూడదు. వైద్యుణ్ణి అడగాలి.

నొప్పిలోనూ తేడా ఉంది. మూత్రం పోసినప్పుడు వచ్చి పోయే నొప్పి ఒకటి. విడవకుండా ఉండి, మందుకు లొంగక, వాంతులతో కలిసి వచ్చేది మరొకటి. రెండోది వస్తే గొట్టం మూసుకుపోయిందేమో, చోటు తప్పిందేమో చూడాలి. వంపులున్నా ఒక్కోసారి గొట్టం జరుగుతుంది. కిందకు జారి దాని కొస ప్రసేకంలోకి వస్తే మూత్రం తెలియకుండానే ఎడతెగకుండా కారుతుంది. కొందరికి గొట్టం చివర దారం కట్టి బయటకు వదులుతారు. ఆ దారం పొరపాటున లాగుకుపోయినా, గొట్టం కొస బయట కనబడినా దాన్ని లోపలికి నెట్టే ప్రయత్నం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

మంట, దుర్వాసన, మూత్రం మసకబారడం వంటివి కొత్తగా మొదలైతే మూత్రపరీక్ష అవసరం. దీని గురించి ఒక మాట. శరీరంలో ఏ పరాయి వస్తువు ఉన్నా దాని మీద సూక్ష్మజీవులు గుంపుగా చేరి జిగురు పొరను కట్టుకుంటాయి. చెరువు మెట్ల మీద పాచి పట్టినట్లే! దీన్ని బయోఫిల్మ్ అంటారు. ఆ జిగురు మాటున ఉన్నవాటిని యాంటీబయాటిక్ మందులు చేరుకోలేవు. అందువల్ల గొట్టం ఉన్నంతకాలం ముందుజాగ్రత్తగా రోజూ యాంటీబయాటిక్ మింగుదాం అనుకోవడం వల్ల లాభం లేదు. మందుకు లొంగని సూక్ష్మజీవులు మాత్రం తయారవుతాయి.

గొట్టం మీద రాయి

మీ ఊరి నీరు ఉప్పునీరైతే, నీళ్ళు కాచే పాత్ర లోపల తెల్లటి గట్టి పొర కట్టడం చూసే ఉంటారు. మూత్రంలో కాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫేటు, ఆక్సలేటు ఉన్నాయి. వాటిలో రోజుల తరబడి నానుతున్న గొట్టానికి పొర పట్టకుండా ఉంటుందా?

సూక్ష్మజీవులు తోడైతే ఈ పని మరింత వేగంగా జరుగుతుంది. ప్రోటియస్ అనే బాక్టీరియాను తీసుకోండి. దాని దగ్గర యూరియేజ్ అనే ఎంజైము ఉంది. అది మూత్రంలోని యూరియాను నీటితో కలిపి విడగొడుతుంది. అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ తయారవుతాయి. శుభ్రం చేయని మూత్రశాల దగ్గర ముక్కుపుటాలదిరే ఘాటు వాసన ఈ అమ్మోనియాదే. అమ్మోనియా క్షారం కనుక ఎర్ర లిట్మస్‌ను నీలం చేస్తుంది. మూత్రం కూడా అలాగే క్షారగుణం పొందుతుంది. ఆమ్లగుణం ఉన్న మూత్రంలో కరిగి ఉండే మెగ్నీషియం, ఫాస్ఫేటులు క్షారంలో కరిగి ఉండలేవు. అమ్మోనియాతో కలిసి స్ఫటికాలుగా విడిపోయి గొట్టానికి అతుక్కుంటాయి. మీ రసాయనశాస్త్రం పుస్తకంలోని అవక్షేపం ఇదే!

ఇది ఎంత త్వరగా జరుగుతుంది? సౌదీ అరేబియాలోని రియాద్ వైద్యులు రాళ్ళ రోగుల నుంచి తీసిన గొట్టాలను పరిశీలించి 1991లో లెక్కలు ప్రకటించారు. 6 వారాల లోపు తీసినవాటిలో నూటికి 9.2 గొట్టాలకు పొర కట్టింది. 6 నుంచి 12 వారాల మధ్య తీసినవాటిలో 47.5. 12 వారాలు దాటినవాటిలో 76.3! ఈ అంకెలను ఒక గ్రాఫు కాగితం మీద గీయండి. తేదీ ఎందుకంత ముఖ్యమో ఉపన్యాసం లేకుండానే తెలుస్తుంది. అందుకే ఎక్కువకాలం స్టెంటు అవసరమైనవారికి కూడా పాతది తీసి కొత్తది వేస్తూ ఉంటారు. సాధారణంగా 3 నుంచి 6 నెలలకు ఒకసారి మారుస్తారు. గర్భిణులలో పొర ఇంకా త్వరగా కడుతుంది కనుక ఇంకా ముందే మారుస్తారు.

మరచిపోయిన గొట్టం

చిత్రం ఏమిటంటే, బాధ పెట్టే గొట్టాన్ని ఎవరూ మరచిపోరు. బాధ పెట్టనిదాన్నే మరచిపోతారు. కొన్ని వారాలకు ఒళ్ళు అలవాటు పడుతుంది. రాయి పోయింది, నొప్పి పోయింది, ఇక ఆసుపత్రి ఎందుకు అనిపిస్తుంది. చీటీ ట్రంకు పెట్టె అడుగుకు చేరుతుంది. మనిషి పనికోసం హైదరాబాదో, బెంగుళూరో, గల్ఫు దేశమో వెళ్ళిపోతాడు. లోపల మాత్రం పొర పెరుగుతూనే ఉంటుంది. రెండు వంపుల దగ్గరా రాళ్ళు ఉండలు కడతాయి. అప్పుడు గొట్టాన్ని లాగితే రాదు. గట్టిగా లాగితే నాళం చిరుగుతుంది. ప్లాస్టిక్ పెళుసెక్కి ముక్కలవుతుంది. పది నిమిషాల్లో అయిపోయే పనికి రెండు మూడు శస్త్రచికిత్సలు కావలసి వస్తుంది. దారి మూసుకుపోయిన మూత్రపిండం ఒక్కోసారి ఏ నొప్పీ లేకుండానే నెలల మీద పాడైపోతుంది. తీసివేయవలసి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. పదేళ్ళ తరువాత, ఇరవై ఏళ్ళ తరువాత బయటపడిన గొట్టాల గురించి వైద్య పత్రికలలో వర్ణనలు వచ్చాయి.

మరపుకు ఇంకొక కారణం పేరు. గుండె రక్తనాళంలో వేసే లోహపు వలను కూడా స్టెంటు అనే అంటారు. దాన్ని తీయరు, జీవితాంతం అక్కడే ఉంటుంది. ‘మా బావగారికి వేసిన స్టెంటు పదేళ్ళుగా ఉంది, నాకూ ఉంటే ఏం?’ అని ఎవరైనా అంటే వారికి ఈ తేడా చెప్పాలి. గుండెది కాపురానికి వచ్చింది, మూత్రనాళానిది చుట్టపు చూపుగా వచ్చింది.

ఈ విషయంలో ఇంట్లో పెద్దవాళ్ళకంటే మీరే ఎక్కువ పనికివస్తారేమో! ఆసుపత్రి చీటీ సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది. దాన్ని చదవగలిగినది ఇంటిల్లిపాదిలో మీరొక్కరే కావచ్చు. అమ్మమ్మకో, బాబాయికో రాయి తీశారంటే చీటీ తీసుకుని ‘డి.జె.’ అన్న మాట ఉందేమో వెతకండి. ఉంటే పక్కన ‘రైట్’ అనో, ‘లెఫ్ట్’ అనో ఉంటుంది. ‘బైలేటరల్’ అని ఉంటే రెండు వైపులా రెండు గొట్టాలున్నాయని అర్థం. ఒకటి తీశాక రెండోది మిగిలిపోకూడదు. వేసిన తేదీ, తీయవలసిన తేదీ గోడ క్యాలెండరు మీద ఎర్ర సిరాతో రాయండి. ఫోనులోనూ పెట్టండి. తీయవలసిన తేదీ చీటీలో లేకపోతే ఆసుపత్రికి ఫోను చేసి అడగమనండి. అడగడానికి మొహమాటం అక్కరలేదు. గొట్టం ఉందో, తీసేశారో గుర్తులేనివారికి ఒక్క ఎక్స్-రే చాలు, ఉంటే కనబడుతుంది.

తీసే పని చాలా తేలిక. పెద్దవారికి తరచుగా మత్తు కూడా ఇవ్వరు. ప్రసేకంలో స్పర్శ తెలియకుండా చేసే జెల్లీ పూసి, దుర్భిణి సాధనంతో కింది వంపును చూసి, చిన్న పటకారుతో పట్టుకుని లాగుతారు. మెత్తని వంపులు నిటారై జారి వచ్చేస్తాయి. చిన్న పిల్లలకైతే మత్తు ఇస్తారు. ఆ మత్తు కూడా లేకుండా చేయడానికి గొట్టం కొసన చిన్న అయస్కాంతం పెట్టిన రకాలు వచ్చాయి. మరో అయస్కాంతం ఉన్న సన్నని గొట్టం పంపగానే రెండూ అతుక్కుంటాయి, లాగేస్తారు. లోపలే కరిగిపోయే గొట్టాల మీద పరిశోధనలు సాగుతున్నాయి.

తీసిన తరువాత ఒకటి రెండు రోజులు మంట, కాస్త గులాబి రంగు, నడుములో కొద్దిపాటి నొప్పి ఉండవచ్చు. అన్నాళ్ళూ నిద్రపోయిన నాళం మళ్ళీ అలలు మొదలుపెడుతుంది మరి! జ్వరం వచ్చినా, నొప్పి ముదిరినా మాత్రం తిరిగి చూపించుకోవాలి. కొన్ని వారాల తరువాత ఒకసారి అల్ట్రాసౌండు స్కానింగు చేయించమని వైద్యులు చెబితే, బాగానే ఉంది కదా అని దాన్ని మానవద్దు. గొట్టం తీశాక నాళం నెమ్మదిగా ఇరుకైతే బయటకు ఏమీ తెలియదు. ద్రోణి ఉబ్బిందో లేదో చూపేది ఆ స్కానింగే.